కోడిని ముక్కలు కొట్టకుండా వండాలంటే: స్లో కుక్కరా, ప్రెజర్ కుక్కరా, కట్టెల పొయ్యా?

ఒడిశాలోని మా రాయగడలో చికెన్ షాపుకు వెళ్ళి "కొట్టకండి, మొత్తం కోడి అలాగే ఇవ్వండి" అంటే షాపతను ఒకసారి తలెత్తి చూస్తాడు. మనకు కోడికూర అంటే ముక్కలే. తెలుగువాళ్ళ ఇల్లయినా, ఒడియావాళ్ళ ఇల్లయినా కోడి సంచిలోకి వచ్చేసరికే ముక్కలై ఉంటుంది. ఒడియాలో "గోటా" అన్న ఒక్క మాట చాలు, కత్తి పక్కన పెట్టేస్తాడు.

రెండేళ్ళలో మా బంధువుల్లో నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మొత్తం కోడి వండుకోవాలని ఉంది, స్లో కుక్కర్ కొనమంటావా?" ఒకరు గుణుపురంలో, ఒకరు పర్లాకిమిడిలో, ఒకరు జయపురంలో, ఒకరు సునాబెడ క్వార్టర్స్‌లో ఉంటారు. ఇద్దరిని కొనమన్నాను, ఇద్దరిని వద్దన్నాను. మీరూ ఇదే ఆలోచనలో ఉంటే, ఎవరికి ఎందుకు అలా చెప్పానో చదివి మీ ఇంటికి ఏది సరిపోతుందో చూసుకోండి.

## గిన్నె కంటే ముందు కోడి

అందరూ గిన్నె గురించి అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది ఏ కోడి అన్నది.

బ్రాయిలర్ కోడి అంటే ఐదారు వారాల పిల్ల. శుభ్రం చేశాక కిలో పావు, కిలోన్నర తూగుతుంది. తిరగలేదు, ఎగరలేదు, కాబట్టి కండ మెత్తన. దానికి గంటల తరబడి వేడి అక్కర్లేదు. ఇస్తే రొమ్ము మాంసం పీచు పీచుగా ఎండిపోతుంది, కాళ్ళు ఎముక నుంచి ఊడి పులుసులో పడతాయి.

నాటుకోడి వేరు. ఇక్కడ సంతలో, చాటికొన బుధవారం సంత లాంటి చోట, కాళ్ళు కట్టి అమ్మే పెట్టలు చాలావరకు ఆరు నెలలు దాటినవి, కొన్ని రెండు మూడు విడతలు గుడ్లు పెట్టినవి. కండల్ని పట్టి ఉంచే గట్టి పదార్థం కొలాజెన్. 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జిలటిన్ అవుతుంది. నాటుకోడి పులుసు చల్లారాక గడ్డకట్టేది అందుకే. కోడి ముదిరేకొద్దీ కొలాజెన్ కూడా ముదురుతుంది, కరగడానికి గంటలు పడుతుంది. స్లో కుక్కర్ అసలు బలం ఇక్కడే ఉంది. బ్రాయిలర్‌తో ఆ బలం సగం వృథా.

ఈ రెండింటి మధ్య వనరాజా లాంటి పెరటి రకాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన రకం అది. రంగు చూసి నాటుకోడే అనుకుంటాం గానీ నాలుగు నెలలకే బాగా బరువు వస్తుంది, కండ అంత గట్టిగా ఉండదు. అనుమానం ఉంటే రొమ్ము ఎముక కొస వేలితో నొక్కండి. వంగితే లేతది, రాయిలా ఉంటే ముదురు. పుంజయితే కాలి వెనుక ముల్లు పొడుగు చూడండి.

## ఇంకా ఏం చూసుకోవాలి

కరెంటు ఎంత నమ్మకంగా ఉంటుంది? పోవడం ఒక్కటే కాదు, వోల్టేజి తగ్గడం కూడా లెక్కే. వండేటప్పుడు ఇంట్లో ఎవరైనా ఉంటారా? ఎంతమంది తింటారు? మీకు కావాల్సింది మెత్తటి మాంసమూ పులుసా, లేక పైన కరకరలాడే చర్మమా?

మరొకటి చాలామంది కొన్నాక గుర్తు చేసుకుంటారు. ఆ గిన్నె నీచుకు మాత్రమేనా? మార్గశిర గురువారాలు మాణబసా (లక్ష్మీపూజ) చేసే ఒడియా ఇళ్ళలోనూ, కార్తీకం పట్టే మన ఇళ్ళలోనూ నీచు గిన్నెలు వేరుగా ఉంటాయి. స్లో కుక్కర్‌కు గిన్నె ఒక్కటే వస్తుంది. ఎలక్ట్రిక్ ప్రెజర్ కుక్కర్ మూతలోని సిలికాన్ రింగు మసాలా వాసన పట్టేసుకుంటుంది, ఎంత తోమినా పోదు. పరమాన్నం కూడా అందులోనే చేద్దాం అనుకుంటే ముందే ఆలోచించుకోండి.

భద్రత విషయంలో మూడు అంకెలు గుర్తుంటే చాలు. కోడి లోపల అతి మందంగా ఉన్న చోట, అంటే తొడ లోపలి వైపు ఎముకకు తగలకుండా, 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఆ మధ్య వేడిలో మాంసం 2 గంటలకు మించి ఉండకూడదు. గుచ్చి చూసే వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. మొత్తం కోడి వండేవాళ్ళకు స్లో కుక్కర్ కంటే ముందు అవసరమైనది అదే. ముక్కలైతే చిదిమి చూస్తాం, మొత్తం కోడి బయటికి ఉడికినట్టే కనబడుతూ లోపల ఎర్రగా ఉండిపోగలదు.

## ఒక్క చూపులో

వేళలన్నీ శుభ్రం చేశాక కిలో పావు ఉండే కోడికి, నా వంటగదిలో వచ్చినవి. మీ దగ్గర అటూ ఇటూ అవుతాయి, థర్మామీటర్ మాటే చివరి మాట.

| పద్ధతి | బ్రాయిలర్ | ముదురు నాటుకోడి | కరెంటు / ఇంధనం | దగ్గర ఉండాలా | వచ్చేది |
|---|---|---|---|---|---|
| స్లో కుక్కర్ | హైలో 3–4 గంటలు | మొదటి గంట హై, తర్వాత లోలో 7–8 గంటలు | 150–300 వాట్లు | అక్కర్లేదు, కరెంటు ఉంటే | మెత్తటి మాంసం, చిక్కటి పులుసు |
| స్టవ్ మీద ప్రెజర్ కుక్కర్ | ఆవిరి పట్టాక 15–20 నిమిషాలు | 35–45 నిమిషాలు | గ్యాస్ | ఉండాలి | మెత్తటి మాంసం, పలచని పులుసు |
| ఎలక్ట్రిక్ ప్రెజర్ కుక్కర్ | 20 నిమిషాలు | 45 నిమిషాలు | దాదాపు 1000 వాట్లు | కొంచెం | పైదే |
| కట్టెల పొయ్యి మీద కుండ | గంట, గంటంపావు | రెండు, రెండున్నర గంటలు | కట్టెలు, నిప్పులు | పూర్తిగా | పొగ రుచి, వేగిన అడుగు |
| ఓటీజీ (కరెంటు ఓవెన్) | 200 డిగ్రీల్లో 60–70 నిమిషాలు | పనికిరాదు | దాదాపు 1500 వాట్లు | మధ్య మధ్యలో | కరకరలాడే చర్మం |

## స్లో కుక్కర్

లోపల మందమైన సిరామిక్ గిన్నె, చుట్టూ చిన్న హీటరు, పైన గాజు మూత. పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండు మూడు వెలిగినంత కరెంటు తింటుంది. 200 వాట్లది 8 గంటలు పెట్టినా మీటరు మీద 1.6 యూనిట్లు దాటదు. లో, హై రెండూ చివరికి దాదాపు ఒకే వేడికి, నీళ్ళు మరిగే దశకు కాస్త కిందికి చేరతాయి. ఎంత త్వరగా చేరతాయన్నదే తేడా. ఇది పుట్టింది చిక్కుడు గింజలు ఉడికించడానికి. దాని మొదటి పేరే "బీనరీ". 1971లో అమెరికాలో రైవల్ కంపెనీ దాన్నే "క్రాక్‌పాట్" అని మార్చి అమ్మింది. గట్టి గింజను మెత్తబరచడానికి పుట్టిన సామాను ముదురు పెట్టతో బాగా కుదరడంలో వింతేమీ లేదు.

సైజు దగ్గర చాలామంది పొరపడతారు. మూడున్నర లీటర్ల గుండ్రటి గిన్నెలో మొత్తం కోడి పట్టదు. కాళ్ళు మూతను ఎత్తేస్తాయి, ఆవిరి పోతుంది, వేడి నిలవదు. కోలగా ఉండే ఐదు లీటర్ల గిన్నె చూడండి. మూత అంచు చుట్టూ ఆనితేనే వంట సాగుతుంది.

నేను చేసే తీరు ఇది. ముందురోజు రాత్రి కోడికి ఉప్పు, కంధమాల్ పసుపు, దంచిన అల్లం వెల్లుల్లి లోపలా బయటా రాసి ఫ్రిజ్‌లో పెడతాను. కిలో పావు కోడికి రెండున్నర చెంచాల ఉప్పు సరిపోతుంది. వండే రోజు ఉల్లిపాయలు, ధనియాల పొడి, కారం మూకుట్లో నూనె తేలేదాకా వేయించి గిన్నె అడుగున వేస్తాను. ఈ మెట్టు వదలొద్దు. స్లో కుక్కర్ వేయించదు, ఉడికిస్తుంది అంతే. పచ్చి కారం వేస్తే ఎనిమిది గంటల తర్వాత కూడా పచ్చి వాసనే వస్తుంది. అడుగున సగానికి కోసిన బంగాళాదుంపలు పేర్చి వాటి మీద కోడిని రొమ్ము కిందికి వచ్చేలా పెడితే ఆ కండ రసంలో మునిగి ఎండదు. నీళ్ళు అర గ్లాసు చాలు. కోడే గ్లాసుకు పైగా రసం వదులుతుంది. లవంగాలు, చెక్క మామూలుగా వేసే దాంట్లో సగమే వేయండి, పొడుగు వంటలో వాటి ఘాటు పెరిగిపోతుంది. పెరుగు మొదట్లో వేస్తే విరిగిపోతుంది, కొబ్బరిపాలు కూడా చివరి అరగంటలోనే.

మూత తీసి చూడాలని చేయి లాగుతుంది. తీసిన ప్రతిసారీ ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు కలుపుకోవాలి. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన కోడిని నేరుగా పెట్టొద్దు. ఫ్రిజ్ కింది అరలో ఒక రోజంతా ఉంచి, పూర్తిగా కరిగాకే పెట్టండి. లోపల బియ్యమో గుడ్లో కూరి వండటం కూడా ఇందులో వద్దు. మధ్యలోకి వేడి చేరేసరికి ఆలస్యం అవుతుంది.

ఇక కరెంటు సంగతి.

నా మొదటి కుక్కర్‌కు డిజిటల్ బటన్లు ఉండేవి. ఒక శనివారం ఉదయం తొమ్మిదికి నాటుకోడి పెట్టి అందరం పార్వతీపురం వెళ్ళాం. సాయంత్రం ఐదింటికి తిరిగొస్తే బటన్ల దగ్గర లైటు మినుకుమినుకుమంటోంది, గిన్నె గోరువెచ్చగా ఉంది. మధ్యలో కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పేవాళ్ళు లేరు. వచ్చినా ఆ మోడల్ తిరిగి తనంతట తాను మొదలవదు, మళ్ళీ బటను నొక్కాలి. కోడి చూడటానికి ఉడికినట్టే ఉంది, వాసన కూడా బాగానే ఉంది. అయినా మొత్తం పారేశాను. మళ్ళీ మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ, వాటిలో కొన్ని అప్పటికే వదిలిన విషం మరిగినా పోదు. సంతలో ఏరి తెచ్చిన పెట్ట అది. చాలా బాధేసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయిందని తెలిస్తే ఎవరైనా చేయాల్సింది మాత్రం అదే.

ఆ తర్వాత మూడు విషయాలు మార్చుకున్నాను.

మొదటిది, తిప్పే నాబ్ ఉన్న మోడల్ తీసుకున్నాను. కరెంటు రాగానే తిప్పిన చోటి నుంచే మళ్ళీ వేడెక్కుతుంది. ధర కూడా తక్కువ. కొనేటప్పుడు మెరిసే బటన్లు చూసి మోసపోకండి. మన వైపు నాబే మేలు.

రెండోది, ప్లగ్గును ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చాను. దీని వాటేజి తక్కువ కాబట్టి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడిపే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయగలదు. 150 యాంపియర్ అవర్ బ్యాటరీ బాగుంటే రెండు గంటల కోత ఇబ్బంది లేకుండా దాటుతుంది. ఓటీజీ, ఎలక్ట్రిక్ ప్రెజర్ కుక్కర్లకు ఈ అవకాశం లేదు, ఇంటి ఇన్వర్టర్ వాటి బరువు మోయలేదు. మిగతా కరెంటు సామాన్ల మీద స్లో కుక్కర్‌కు ఉన్న పైచేయి ఇదేనని నా అభిప్రాయం.

మూడోది, పగలు మానేసి రాత్రి పెట్టడం మొదలుపెట్టాను. పదింటికి పెడితే ఉదయం ఆరుకి అయిపోతుంది. అందరం ఇంట్లోనే ఉంటాం, ఫ్యాను ఆగితే మెలకువ వస్తుంది. పైగా అప్పటికి ఊళ్ళో వాడకం తగ్గి వోల్టేజి నిలకడగా ఉంటుంది. వోల్టేజి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 230 ఉండాల్సింది 180కి పడితే వేడి ఐదో వంతు కాదు, దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. 200 వాట్ల కుక్కర్ 120 వాట్లదవుతుంది. కోడి ఆ 60 డిగ్రీల గీత దాటడానికి చాలా ఆలస్యమవుతుంది. సాయంత్రం లైట్లు డల్‌గా వెలుగుతుంటే స్లో కుక్కర్ పెట్టకండి.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన కుక్కర్ ఇంట్లో ఉందా? అడుగున రాసి ఉన్న వోల్టేజి చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. అది 120 వోల్టులదైతే మన కరెంటు మీద నాలుగు రెట్ల దాకా వేడెక్కి కాలిపోతుంది. ప్లగ్ ముక్క మార్చే అడాప్టర్ వోల్టేజి మార్చదు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వేరుగా కావాలి.

చర్మం విషయంలో దీని నుంచి ఏమీ ఆశించకండి. తడి వేడిలో చర్మం మెత్తగా వేలాడుతుంది. నాటుకోడిని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి ఇచ్చినప్పుడు ఆ కాలిన రుచి పులుసులోకి దిగి చాలా బాగుంటుంది, కాబట్టి దానికి చర్మం ఉంచండి. బ్రాయిలర్‌కు మాత్రం తీసేయించడమే మేలు.

## స్టవ్ మీది ప్రెజర్ కుక్కర్

ఇది అందరి ఇంట్లోనూ ఉన్నదే, కొత్తగా ఖర్చు లేదు. నిజం చెప్పాలంటే స్లో కుక్కర్ కొనాలనుకునే వాళ్ళలో సగం మందికి ఇదే చాలు.

లోపల ఆవిరి ఒత్తిడి వల్ల నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే కొలాజెన్ గంటల్లో కాక నిమిషాల్లో కరుగుతుంది. కొండ మీద ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. నాటుకోడి ఎంతకీ ఉడకడం లేదని అక్కడివాళ్ళు అనుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

ఐదు లీటర్ల కుక్కర్‌లో కిలో కోడి ఇరుకుగా పడుతుంది, ఆరున్నర లీటర్లదైతే సుఖం. పట్టకపోతే వీపు వైపు చీల్చి రొమ్ము ఎముక మీద అరచేత్తో నొక్కి పరిచేయండి. మొత్తం కోడే, కాకపోతే బల్లపరుపు అవుతుంది, సమంగా కూడా ఉడుకుతుంది. మసాలా అదే కుక్కర్లో వేయించుకోవచ్చు, ఇంకో మూకుడు తోమే పని ఉండదు. నీళ్ళు గ్లాసున్నర. విజిళ్ళు లెక్కపెట్టకండి, ఒక్కో కుక్కర్ ఒక్కో తీరుగా కూస్తుంది. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి గడియారం చూడండి. కట్టేశాక పదిహేను నిమిషాలు దానంతట అదే చల్లారనివ్వండి, లేకపోతే మాంసం బిగుసుకుంటుంది.

చిక్కేమిటంటే, పొరపాటుకు చోటు తక్కువ. స్లో కుక్కర్‌లో నాటుకోడికి అరగంట ఎక్కువైనా ఏమీ కాదు. ఇక్కడ బ్రాయిలర్‌కు ఐదు నిమిషాలు ఎక్కువైతే ఆకారం లేకుండా పోతుంది. పులుసు పలచగా వస్తుంది, కోడిని బయటికి తీసి పులుసును వేరుగా పది నిమిషాలు మరిగించాలి.

ఎలక్ట్రిక్ ప్రెజర్ కుక్కర్ గురించి రెండు మాటలు చాలు. పని ఇదే, విజిల్ గోల ఉండదు, టైము తనే చూసుకుంటుంది. కొన్నింటిలో "స్లో కుక్" బటను కూడా ఉంటుంది. కానీ అందులో హీటరు అడుగునే ఉంటుంది, స్లో కుక్కర్‌లా చుట్టూ వేడి రాదు. ఆ ఒక్క బటను కోసం కొనకండి.

## కట్టెల పొయ్యి, మట్టి కుండ

రుచికి దీన్ని మించింది లేదు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఒడియావాళ్ళ మాటి హండి మాంసం తిన్నవాళ్ళకు మట్టి కుండ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఆవాలు, వెల్లుల్లి ముద్ద, ఆవనూనె రాసిన కోడిని కుండలో పెట్టి, మూత అంచు గోధుమపిండితో మూసి, కింద సన్నటి మంట, మూత మీద నాలుగు నిప్పులు. మన వైపు మసాలా అయితే నువ్వుల నూనెతో. అడుగున ఉల్లిపాయ వేగి, మాడే ముందు ఆగిపోయిన ఆ రుచి ఏ కరెంటు సామానులోనూ రాదు.

దానికి మనిషి కావాలి. మంట పెరిగితే కుండ పగులుతుంది, తగ్గితే కోడి ఉడకదు. పిండితో మూశాక థర్మామీటర్ పెట్టడం కుదరదు, కాబట్టి టైము దగ్గర లోభించకుండా ఉడికించి, మూత తీశాక తొడ దగ్గర గుచ్చి చూడండి. కొత్త కుండను ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి పారబోశాకే మాంసం వండండి. ఇంటి ముందు ఖాళీ స్థలం, చేతిలో ఆదివారం మధ్యాహ్నం ఉన్నవాళ్ళ వంట ఇది. అపార్ట్‌మెంట్ వాళ్ళు మట్టి కుండను గ్యాస్ మీద సన్నటి సెగన పెట్టుకోవచ్చు. పొగ రుచి ఉండదు, మిగతాదంతా వస్తుంది.

వెదురు బొంగులో చేద్దామా అని మా పిల్లలు అడుగుతారు. బొంగులో మొత్తం కోడి పట్టదు, అది ముక్కల వంట.

## ఓటీజీ

హోటల్లో చూసినట్టు ఎర్రగా, పైన కరకరలాడుతూ కావాలంటే ఇదొక్కటే దారి. 28–30 లీటర్లదైనా ఉండాలి. అంతకంటే చిన్నదైతే కోడి పై రాడ్లకు దగ్గరై మాడుతుంది. షాపులో చర్మంతో ఇమ్మని ముందే చెప్పండి, అడగకపోతే స్కిన్‌లెస్సే ఇస్తారు. పొడి వేడి కాబట్టి నాటుకోడి ఇందులో బిగుసుకుపోతుంది. కరెంటు పోతే వంట అక్కడికక్కడే ఆగుతుంది.

స్లో కుక్కర్‌లో చర్మంతోనే చేసిన బ్రాయిలర్‌ను చివర పది నిమిషాలు 220 డిగ్రీల ఓటీజీలో పెడితే రెండు సుఖాలూ దక్కుతాయి. అయితే అందుకోసం రెండూ కొనమని నేను చెప్పను.

## ఆ నలుగురికీ ఏం చెప్పానంటే

గుణుపురంలో మా తమ్ముడు, మరదలు ఇద్దరూ టీచర్లు. తొమ్మిదికి వెళ్తే ఐదు దాటాక వస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, నాటుకోడి అంటే ప్రాణం. "నాబ్ ఉన్నది కొనుక్కోండి, రాత్రి పెట్టుకోండి" అన్నాను. ఉదయం లేచి కోడిని తీసి, మధ్యాహ్నానికి కావాల్సింది క్యారేజీల్లో సర్దుకుని, మిగతాది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. ఫ్రిజ్‌లోది మళ్ళీ తినేటప్పుడు స్టవ్ మీద మరిగేదాకా వేడిచేస్తారు. స్లో కుక్కర్‌లో వేడిచేయకూడదు, చల్లటి కూర వేడెక్కడానికి అది గంటలు తీసుకుంటుంది.

పర్లాకిమిడిలో మా అత్తయ్యకు డెబ్బై దాటాయి. పళ్ళు ఆనవు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు, విజిల్ అంటే భయం. మావయ్యగారు, ఆవిడ ఇద్దరే. ఆవిడనూ కొనమన్నాను. కిలో లోపు చిన్న పెట్ట, పెదవులతో తినేంత మెత్తన. ఒక్క ఇబ్బంది ఉంది, ఐదు లీటర్ల సిరామిక్ గిన్నె నిండితే చాలా బరువు. "గిన్నె ఎత్తకండి అత్తయ్యా, గరిటెతో గిన్నెలోకి తీసుకోండి" అని చెప్పాను. పని అమ్మాయి కడిగి పెడుతుంది.

జయపురం పెద్దమ్మ ఇంట్లో పదకొండు మంది. ఒక కోడి ఎవరికీ చాలదు, రెండు కోళ్ళు ఏ స్లో కుక్కర్‌లోనూ పట్టవు. కార్తీకం అంతా నీచు మానేసి, పున్నమి మర్నాడు ఛాడఖాయి రోజున ఊరంతా మాంసం షాపుల ముందే ఉంటుంది కదా, ఆ రోజు కోడి ఇంటికి చేరేసరికే పదకొండవుతుంది. ఒంటిగంటకు అందరూ ఆకుల ముందు కూర్చోవాలి. వాళ్ళకు పది లీటర్ల ప్రెజర్ కుక్కర్ చెప్పాను. రెండు కోళ్ళు వీపు చీల్చి ఒకదాని మీద ఒకటి, నీళ్ళతో కలిపి మూడింట రెండు వంతులు దాటకుండా.

సునాబెడలో మా చిన్నాన్న కొడుకు. పిల్లలిద్దరూ స్కూలు వయసువాళ్ళు, వాళ్ళు అడిగేది కాల్చిన కోడి. ఇంట్లో వచ్చేదెప్పుడూ బ్రాయిలరే. వాడు స్లో కుక్కర్ కొంటే రెండుసార్లు వండి అటక మీద పెట్టేవాడు. ఓటీజీ తీసుకోమన్నాను, దాంట్లో పిల్లలకు కేకు కూడా అవుతుంది.

వీళ్ళెవరిలోనూ మీరు లేకపోతే, అద్దె గదిలో ఒక్కరే ఉంటూ వారానికోసారి కోడి వండుకునేవారైతే, ఏదీ కొనకండి. ఉన్న కుక్కర్‌లో చిన్న కోడిని వీపు చీల్చి రెండు వారాలు వండి చూడండి. మొత్తం కోడి మీద ఇష్టం అప్పటికీ తగ్గకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

## ఎముకలు

ఏ పద్ధతిలో వండినా ఎముకలు పారేయకండి. స్లో కుక్కర్ ఉన్నవాళ్ళు అదే గిన్నెలో ఎముకలు, మెడ, కాళ్ళు, ఒక ఉల్లిపాయ, పది మిరియాలు వేసి, మునిగేలా మరిగే నీళ్ళు పోసి రాత్రంతా లోలో ఉంచండి. లేనివాళ్ళకు ప్రెజర్ కుక్కర్లో గంట. వడకట్టాక వచ్చే నీళ్ళతో కోరాపుట్ కాలాజీరా బియ్యం వండితే, మసాలా ఏమీ వేయకుండానే ఇల్లంతా వాసన వస్తుంది. ఒకటికి రెండు కాకుండా ఒకటికి ఒకటిన్నర చొప్పున పోయండి, ఆ బియ్యం చిన్నగింజ, త్వరగా ముద్దయిపోతుంది. మిగిలిన నీళ్ళలో కాస్త చింతపండు, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు వేస్తే కోడి చారు. జలుబు చేసినవాళ్ళకు వేడి వేడి చోడిముద్దతో (రాగిముద్దతో) ఇవ్వండి.